కింది నుంచి లెక్క

చిల్లులు కొట్టే పంచి మీద సుత్తి పడింది. గుండ్రటి అట్టముక్క ఒకటి ఎగిరి శేషన్న మోకాలి మీద వాలింది. ఆయన దులుపుకోలేదు. దులుపుకుంటూ కూర్చుంటే పని సాగదని చిన్నప్పుడే నేర్చుకున్నాడు. పొద్దుగూకే వేళకు జుట్టులోనూ, చొక్కా మడతల్లోనూ, చెవి సందుల్లోనూ అవే ఉంటాయి. ఆయన ఎమ్మిగనూరు బజారులో నడిచిపోతుంటే, "పెండ్లికొడుకు వస్తాండాడప్పా, అక్షింతలు రాల్చుకుంటా" అని టీకొట్టు దగ్గర ఎవరో ఒకరు అనకుండా ఉండరు. ఆ మాటకు రోజూ కొత్తగా విన్నట్టే నవ్వేవాడు.

శేషన్నది అట్టలు కొట్టే పని. పట్టుచీర అంచు మీద బొమ్మ రావాలంటే ముందు దాన్ని గళ్ళ కాగితం మీద వేయాలి. కాగితంలో ఒక్కొక్క వరుసకు ఒక్కొక్క అట్ట. నిండిన గడి ఉన్నచోట అట్టకు చిల్లి పడాలి, ఖాళీ గడి ఉన్నచోట పడకూడదు. ఆ అట్టలన్నిటినీ దారంతో వరుసగా కుట్టి మగ్గం నెత్తిన వేలాడదీస్తే, ఏ పోగు లేవాలో ఏ పోగు పడుకోవాలో మగ్గానికి అవే చెబుతాయి. గుడ్డ కింది నుంచి పైకి పెరుగుతుంది కాబట్టి మొదటి అట్ట ఎప్పుడూ బొమ్మ అడుగు వరుసదే. నెమలి కావాలంటే ముందు కాళ్ళు, ఆఖరుకు తురాయి. మీసాలు మొలవకముందు ఈ పీట మీద కూర్చున్న మనిషి, మీసాలు నెరిసినా లేవలేదు. పొట్టిగా ఉంటాడు. సుత్తి పట్టే కుడిభుజం ఎడమదానికన్నా కాస్త దిగి ఉంటుంది. ఎడమచేతి బొటనవేలి గోరు ఎన్నిసార్లు దెబ్బ తిన్నదో, నల్లబడి గవ్వలా వంకర తిరిగింది. కళ్ళజోడు కాడ విరిగితే జరీదారంతో కట్టుకున్నాడు. "బంగారు కళ్ళజోడు పెట్టినోళ్ళు ఊర్లో ఇద్దరే, సావుకారూ నేనూ" అనేవాడు.

ఆ సావుకారు కేశవయ్య. బజారులో చీరల అంగడి, అంగడి వెనుక మగ్గాల షెడ్డు ఆయనవే. ఈమధ్య కొత్త డిజైన్ల అట్టలు ధర్మవరంలో కంప్యూటరు మీదే కోయించి తెప్పిస్తున్నాడు. శేషన్నకు మిగిలింది పాతవాటి మరమ్మతు. వేరేవాళ్ళయితే పీట ఎత్తేసేవాళ్ళే. కేశవయ్యకు ఆ సుత్తి చప్పుడు వినపడకపోతే అంగట్లో కూర్చోబుద్ధి కాదు.

ఈ రోజు ముందున్నవి మామిడిపిందె అంచు అట్టలు. ఎలుకలు కొట్టేసినవాటికి బదులు కొత్తవి కొట్టి చేర్చాలి. పాత అట్టలను కలిపిన దారం ముడి దగ్గర శేషన్న వేలు ఆగింది. ముడి ఎడమకు తిరిగి ఉంది. ఊరు మొత్తంలో ఎడమకు ముడి వేసే మనిషి ఒక్కతే ఉండేది. హనుమంతమ్మ, ఆయన భార్య. ఆమెది ఎడంచేతి వాటం. ఆమె పోయి ఒక తరం గడిచింది. ముడి సడలలేదు.

"ఏమప్పా శేషన్నా, ముడి ఇప్పుతాండావా, మొక్కుతాండావా?" కేశవయ్య గుమ్మంలోంచి అడిగాడు.

"ఇప్పను సావుకారీ. దీన్నిట్లే ఉండనిచ్చి పక్కన కలుపుతా."

"గట్టిగుండాదా?"

"మనిద్దరి కంటే గట్టిగుండాది."

కేశవయ్య నవ్వి, అంతలోనే ఆయన ఎడమభుజాన్ని రుద్దుకోవడం గమనించాడు. "ఏమి, భుజం పట్టుకునిందా?"

"సుత్తి మోసే చెయ్యి బాగానే ఉండాది. ఊరికే కూచున్న చెయ్యి నొస్తాండాది. కాలం అట్లుండాది సావుకారీ."

హనుమంతమ్మకు ఫోటో లేదు. పెళ్ళినాడు ఫోటో తీయించే స్తోమత రెండు వైపులా లేకపోయింది. ఒక ఏడు నీలకంఠేశ్వరుని జాతరలో, తెర మీద తాజమహలు వేసిన ఫోటో డేరా ముందు ఇద్దరూ చాలాసేపు నిలబడ్డారు. లోపల జనం. చంకలో పిల్ల ఏడుపు. "వచ్చే తేరుకు దిగుదాంలే" అన్నది హనుమంతమ్మ. వచ్చే తేరుకు ఆమె లేదు. రెండో కాన్పులో తల్లీ బిడ్డా ఇద్దరూ పోయారు.

మిగిలింది చంకలోని పిల్ల, సుంకమ్మ. అవ్వ పెంచింది. నడకా మాటా వచ్చాక ఒకనాడు ఆ పిల్ల అడిగింది, "నాయనా, అమ్మ ఎట్లుండె?" అని.

"నీ మాదిరే ఉండె."

పిల్ల పరుగెత్తుకుంటూ పోయి అద్దంలో చూసుకుని వచ్చింది. "అద్దంలో నేనే ఉండా నాయనా. అమ్మ లేదు."

శేషన్న ఆ రోజు సుత్తి పట్టలేకపోయాడు. తర్వాత ఎన్నోసార్లు అడిగింది. ఆయన ఎన్నోరకాలుగా చెప్పి చూశాడు. ముక్కు ఇట్లా, జడ ఇంత, నడక అట్లా. మాటలతో కట్టిన మనిషి ఎంతసేపు నిలబడుతుంది? సుంకమ్మకు పెళ్ళయింది, పత్తికొండ టమాటా మార్కెట్టులో గంపలు తూచే పనికి పోతుంది, ఆమెకే ఇద్దరు పిల్లలు. ఇప్పుడు అడగడం మానేసింది. అడగకపోవడమే ఆయన్ని ఎక్కువ బాధపెట్టింది.

చీరల అంగడి పక్కన, మెట్ల కింది గదిలో ఎబెనెజరు ఇంటర్నెట్ సెంటరు ఉంది. దాన్ని నడిపేది ఆరాధన. చర్చి పక్క బడిలో పాఠాలు చెప్పే రాహేలమ్మ కూతురు. పరీక్షల ఫలితాలు వచ్చే కాలం తప్పిస్తే ఆ గదిలో మూడు కంప్యూటర్లకూ ఈగలే తోడు. మూడేళ్ళ కిందట ఒక ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు పోయి, శేషన్న గాలికని బయటికొచ్చి ఆమె గుమ్మంలో నిలబడ్డాడు. ఆరాధన ఒక కాగితం మీద పెన్సిలుతో గళ్ళు నింపుకుంటోంది. పైనా పక్కనా అంకెలు. శేషన్న మెడ సాచి చూశాడు.

"ఇది మా అట్టల లెక్క గదా పాపా. నువ్వు యాడ నేర్చినావు?"

అట్టల లెక్క కాదు, అదొక ఆట. ఒక వరుస పక్కన మూడు, ఒకటి అని ఉంటే, ఆ వరుసలో వరసగా మూడు గడులు, కొంత ఖాళీ వదిలి ఇంకొక గడి నింపాలి. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పరు. నిలువు అంకెలూ అడ్డం అంకెలూ ఒకదానితో ఒకటి సరిపెట్టుకుంటూ పోతే, చివరికి ఒక బొమ్మ బయటపడుతుంది. ఇంటర్నెట్టులో అలాంటివాటి కోసమే ఒక చోటు ఉంది. ఏ దేశంవాళ్ళయినా తయారుచేసి పెట్టవచ్చు, ఏ దేశంవాళ్ళయినా విప్పవచ్చు. పేరు తప్ప ఒకరి మొహం ఒకరికి తెలియదు.

"మనమూ పెట్టొచ్చునా?" అన్నాడు శేషన్న.

ఆయన మొదట పెట్టింది కడవ. మరునాడు షెడ్డుకు పోయేముందే సెంటరుకు వచ్చాడు. "ఏమంటాండారు?"

"శానా మెచ్చుకుంటాండారు చిన్నాయనా. బల్బు బాగుండాదంట."

"బల్బు యాడిది? నేనేసింది కడవ!"

ఆరాధన తెర ముందు తలను పక్కకు వంచి, ఇంకా వంచి, దాదాపు కుర్చీలోంచి పడిపోయేంత నవ్వింది. "నువ్వు కిందినుంచి లెక్కబెట్టినావు. కడవ బోర్లపడింది. లోకమంతా పైనుంచి చూస్తాది చిన్నాయనా."

"అయితే లోకానిదే తప్పు. ఏ గుడ్డయినా కిందినుంచే గదా పుట్టేది."

అన్నాడేగానీ, ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి కాకూడదని ఆ రోజు నుంచి అంకెలు పైనుంచే రాశాడు. వాటిని ముందు ఆరాధన విప్పి చూసేది, సరిగా ఉంటేనే ఎక్కించేది. అయినా ఆ గుంపులో ఆయనకు బల్బు శేషన్న అనే పేరు స్థిరపడిపోయింది. ఆ పేరు పెట్టింది ఫిన్లాండులో ఉండే ఒక పెద్దావిడ. ఇంటింటికీ ఉత్తరాలు పంచి రిటైరైన మనిషి. ఆమె పేరు ఈవా. "మా బైబిల్లో హవ్వ ఉండాదే, ఆ పేరే" అని ఆరాధన చెప్పినప్పటి నుంచి ఆమె శేషన్నకు హవ్వమ్మ అయిపోయింది.

శేషన్న జొన్నకంకి పెడితే వాళ్ళు మైకు అన్నారు. గొంగడి కప్పుకున్న గొర్రెల కాపరిని పెడితే దయ్యం అన్నారు. జాతర తేరును పెడితే క్రిస్మస్ చెట్టు అన్నారు. "మా దోవకొచ్చినావు చిన్నాయనా" అని ఆరాధన ఆట పట్టించింది. ప్రతిదానికీ అది ఏమిటో ఆయన చెప్పడం, ఆమె ఇంగ్లీషులో రాయడం, వాళ్ళు మళ్ళీ అడగడం. అంత ఎండల్లో ఆ మనిషి గొంగడి ఎందుకు కప్పుకున్నాడని హవ్వమ్మ అడిగితే శేషన్న పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఎండకూ అదే, వానకూ అదే, పడకకూ అదే అని రాయి పాపా." ఆయన చిన్ననాటి మోటబావి, రాతిరోలు, జొన్నరొట్టె తట్టే చెయ్యి, అన్నీ అలా గళ్ళలో కూర్చుని సముద్రాలు దాటిపోయాయి. ఊర్లో ఎవరూ అడగని సంగతులు ఎక్కడో మంచులో ఉన్నవాళ్ళు అడుగుతుంటే ఆయనకు ప్రాణం లేచొచ్చేది.

అప్పటినుంచే ఆయన మనసులో ఒక మాట పడింది. హనుమంతమ్మను గళ్ళలోకి తేవాలి.

తేలిగ్గా రాలేదు. మొహం వేస్తే గుడ్లగూబ వచ్చింది. గళ్ళ కాగితం దండగ కాకుండా పెన్సిలుతో వేయడం, రబ్బరుతో చెరపడం ఆయనకు అలవాటు. ఎన్ని గుడ్లగూబలను చెరిపాడో. చివరికి మొహం వదిలేశాడు. తాను అట్టల పీట మీద కూర్చుంటే ఆమె తనకు రోజూ ఎలా కనిపించేదో అలా వేశాడు. వీపు ఇటు పెట్టి, రాట్నం ముందు కూర్చుని, ఎడమచేత్తో చక్రం తిప్పుతూ కండెలు చుట్టుకునేది. "హనుమీ" అని పిలిస్తే చక్రం మీది చెయ్యి తీయకుండానే తల కొంచెం ఇటు తిప్పి, "ఏమబ్బా?" అనేది. ఆ తిప్పడమే కావాలి ఆయనకు. గొంతు పక్కన ఒక్క గడి. అది నింపితే ఆమె ఇటు తిరిగినట్టుండేది. చెరిపితే పనిలో మునిగిపోయిన ఎవరో ఆడమనిషి. నింపితే ఒకనాడు బాగుందనిపించేది, మరునాడు అంతా తన భ్రమ అనిపించేది. ఆ ఒక్క గడి దగ్గర ఆయన ఏడాది తిరిగాడు.

మధ్యాహ్నం అన్నానికి లేచే ముందు, ఆ బొమ్మ అంకెలను శేషన్న ఒక తెల్లకాగితం మీద ఎక్కించాడు. గళ్ళ కాగితం మీది బొమ్మను రబ్బరుతో చెరిపేశాడు. పొద్దుటినుంచీ మామిడిపిందె అట్టల మీద ఆడిన చెయ్యి, పక్కన హనుమంతమ్మ ముడి, మనసెక్కడో ఉంది. అంకెలన్నీ అట్టల వరుసలోనే, కింది నుంచి పైకి రాసుకుంటూ పోయాడు. ఆ సంగతి ఆయనకు తెలియలేదు.

"పాపా, ఈసారిది నువ్వు ఇప్పొద్దు. నేరుగా ఎక్కించు."

ఆరాధన కాగితం అందుకుంటూ ఆశ్చర్యపోయింది. "నేను సరిచూడకుండా ఎప్పుడన్నా ఎక్కించినానా?"

"నువ్వు నన్ను ఎరుగుదువు. నా మొగం చూసి, అవును చిన్నాయనా, బాగుండాది అంటావు. ఈడ ఎవరికి చూపిచ్చినా అంతే. హవ్వమ్మ నా మొగం చూడలే. ఆయమ్మకు కనపడితే బొమ్మలో మనిషి ఉన్నట్టు. లేకుంటే లేనట్టు."

"ఎవరుండారు ఇందులో?"

"సుంకమ్మకు ఇయ్యాల్సిన మనిషి. శానా దినాల నుంచి బాకీ ఉండా."

ఆరాధన ఆయన ఎదుటే అంకెలు ఒక్కొక్కటిగా ఎక్కించింది. "బొమ్మ కాగితం జాగ్రత్తగా పెట్టినావా?"

"చెరిపేసినా. అంకెలుంటే బొమ్మ యాడికి పోతాది?"

"ఆడ ఇంకా పొద్దుటి పూటే. సాయంత్రం రా చిన్నాయనా, చదివి చెప్తా."

"వస్తా" అన్నాడు. గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగాడు. "గొంతు కాడ ఒక గడి ఉండాది. సరిగా ఎక్కించినావు గదా?"

"నువ్వు రాసింది రాసినట్టే ఎక్కించినా."

వెనుక వీధిలో ఒంటిగది ఆయన ఇల్లు. పడమటి వైపు చిన్న అద్దాల కిటికీ. పొద్దున కాల్చిపెట్టుకున్న జొన్నరొట్టె, ఊరుబిండి పచ్చడి తిన్నాడు. చెంబెడు మజ్జిగ తాగాడు. నొప్పి పుట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని, రెండో చేత్తో దాన్ని పసిబిడ్డను నిమిరినట్టు నిమురుతూ కిటికీ పక్క గోడకు ఆనుకున్నాడు. ఎదురుగా మూలన రాట్నం ఉంది. దాన్ని ఎవరడిగినా ఇవ్వలేదు. హవ్వమ్మ ఈపాటికి లేచి ఉంటుంది, కాఫీ పెట్టుకుని ఉంటుంది అనుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు.

ఎండ తగ్గినా సుత్తి చప్పుడు వినపడకపోయేసరికి కేశవయ్య తానే లేచి వెతుక్కుంటూ వచ్చాడు. శేషన్న గోడకు ఆనుకునే ఉన్నాడు. పొద్దుటి అట్టముక్క ఒకటి చొక్కా మడతలో అలాగే ఉంది. కేశవయ్య ఆయన భుజం మీద చెయ్యి వేసి, "ఏమప్పా" అన్నాడు. రెండోసారి అనలేదు.

ఆ వేళకు సెంటరులో ఆరాధన తెర ముందు దిగులుగా కూర్చుంది. జవాబులు వస్తున్నాయి. "ఏమిటో అర్థం కాలేదు" అన్నాడొకడు. "పడవ మీద గొడుగా?" అన్నాడొకడు. మూడోవాడు మొహమాటానికి బాగుందని ఊరుకున్నాడు. చిన్నాయనకు ఏమని చెప్పాలి, ఎలా చెప్పాలి అని ఆమె మాటలు కూడబలుక్కుంటుండగానే కబురు వచ్చింది.

శేషన్నను మట్టి చేసిన మరునాడు ఆరాధన మళ్ళీ సెంటరు తెరిచింది. హవ్వమ్మ రాసింది. "మొదట నాకూ ఏమీ కనిపించలేదు. తర్వాత ఆయన పాత బల్బు గుర్తొచ్చి కాగితాన్ని తలకిందులు చేశాను. చక్రం ముందు ఒక స్త్రీ కూర్చుని ఉంది. వెనుక నుంచి ఎవరో ఆమెను పేరు పెట్టి పిలిచారు. ఇప్పుడే తల తిప్పుతోంది. ఎవరు పిలిచారో శేషన్నను అడిగి చెప్పమ్మా."

ఆరాధన తలుపు వేసుకుని ఏడ్చింది. ఒక్క రోజు, ఒకే ఒక్క రోజు ఆగి ఉంటే వినేవాడు కదా అని ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని బొమ్మను కాగితం మీద అచ్చు తీసి, ఆ సాయంత్రం వెనుక వీధికి పోయింది.

కబురంది వచ్చిన సుంకమ్మ, తండ్రి చెంబూ తట్టా కడిగి బోర్లిస్తోంది. మార్కెట్టు ఎండకు కమిలిన మొహం, ఏడ్చి ఉబ్బిన కళ్ళు. ఆరాధన కాగితాన్ని తలకిందులుగా తిప్పి ఆమె ముందు పెట్టింది.

"అక్కా, ఇది చిన్నాయన నీకియ్యాలన్యాడు. మీయమ్మ."

సుంకమ్మ తడిచేతులు చీరకు తుడుచుకుని కాగితం తీసుకుంది. చాలాసేపు చూసింది. ఆమె మొహంలో ఏదో వెలిగి, అంతలోనే ఆరిపోయింది.

"కాదు పాపా. చూడు, ఈయమ్మ కుడిచేత్తో తిప్పుతాండాది. మాయమ్మది ఎడంచెయ్యి. నాకూ అదే వచ్చిందని మా అవ్వ తిట్టని దినం లేదు. ఈయమ్మ ఇంకెవురో." కాగితం తిరిగి ఇచ్చేసింది. "నాయనకు కూడా మర్చిపోయిందేమో. శానా ఏండ్లాయ గదా."

చిన్నాయన మరిచిపోడు. ఇంకేది మరిచినా ఆ చెయ్యి మరిచిపోడు. ఆరాధన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. బోర్లపడిన బొమ్మను గుండ్రంగా తిప్పి నిలబెట్టారు హవ్వమ్మా తానూ. తల పైకి వచ్చింది నిజమే. దానితోపాటు కుడి ఎడమ కూడా మారిపోయింది. కడవకు కుడీ ఎడమా లేవు కాబట్టి అప్పుడు తెలియలేదు.

"అక్కా, ఉండు."

కాగితాన్ని అచ్చు పడినట్టే పట్టుకుని, పెనం మీద రొట్టెను తిరగేసినట్టు కింది అంచు పైకి తెచ్చి వెనక్కి తిరగేసింది. ఇప్పుడు వాళ్ళవైపు ఉన్నది ఒట్టి తెల్లటి వీపు. దాన్ని అలాగే పడమటి కిటికీ అద్దానికి ఆనించింది. బయట పొద్దు వాలుతోంది. వెలుగు కాగితంలోంచి దిగి, నల్లటి గళ్ళు ఇటువైపుకు వచ్చాయి. రాట్నం, వంగిన వీపు, కొప్పు. చక్రం మీద ఎడమచెయ్యి.

సుంకమ్మ దగ్గరికి వచ్చింది. తన ఎడమచేతిని తెలియకుండానే ఆ చెయ్యి మీద పెట్టింది. మూలనున్న రాట్నాన్ని ఒకసారి చూసి, మళ్ళీ కిటికీ వైపు చూసింది. హవ్వమ్మ ఏం రాసిందో ఆరాధన ఇంకా చెప్పనేలేదు.

"ఎవురో పిలిచినట్టుండారు" అంది సుంకమ్మ. "తిరుగుతాండాది."

"మీ నాయన పిలిచినాడక్కా."

సుంకమ్మ ఏడవలేదు. పొయ్యి దగ్గర గిన్నెలో మిగిలిన నాలుగు మెతుకులు తెచ్చి, వేలితో నలిపి, కాగితం నాలుగు మూలలా రాసి అద్దానికి అంటించింది. ఇద్దరూ కింద కూర్చుని, వెలుగు ఉన్నంతసేపు చూశారు. పొద్దు గుంకింది. గళ్ళు ఒక్కొక్కటే మాసిపోయాయి, గొంతు దగ్గరి గడితో సహా. కిటికీకి ఒక తెల్లకాగితం మిగిలింది, మెతుకులు ఇంకా ఆరలేదు.